మూపురం బొంగు కోసం మూడు జిల్లాలు

పోయిన ఏడు ఉత్సవంలో పల్లకి బొడ్రాయి దాటగానే దాన్ని మోసే బొంగు పగిలింది. ఎండిన కందికట్టె విరిగినంత చప్పుడు, అంతే. స్వామి కింద పడలేదు. మోసేవాళ్ళు నలుగురూ చటుక్కున మోకాళ్ళ మీద కూర్చుని ఆపారు. మిగతా దారంతా విగ్రహాన్ని చేతుల మీద మోసుకొచ్చి గుళ్ళో దించారు.

మా ఊరు జనగామకు దగ్గరే. ఆ పల్లకిని మా ముత్తాత చేయించాడు. దానికి బొంగు తెచ్చిపెట్టే బాధ్యత మా వంశానిది. పల్లకి ముందు నడిచే మర్యాద, మొదటి కొబ్బరికాయ మా ఇంటి పేరున కొట్టే హక్కు కూడా మావే. భూములు పోయాయి. మేముండిన కోటలాంటి గడి గోడల రాళ్ళు ఊళ్ళో నలుగురి ఇళ్ళకు పునాదులయ్యాయి. నేను ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగు చెప్పి, ఇప్పుడు జనగామలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. మిగిలింది ఈ మర్యాద ఒక్కటే. నన్ను దొర అని పిలవమని నేనెవరినీ అడగలేదు. పిలవనివాళ్ళను గమనించకుండానూ లేను.

ఉత్సవం ఇరవై రోజులుందనగా కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు శ్రీను ఒకప్పుడు నా దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకున్నవాడే.

“సార్, ఏడాదాయె. బొంగు దొరకలే. ఈసారి ట్రాక్టర్ మీద ఊరేగిద్దం. డీజే బాక్సులు గూడ దాని మీదనే పడుతయి” అన్నాడు.

“స్వామి ట్రాక్టరెక్కడు” అన్నాను.

“ఎక్కడంటే ఎట్ల సార్? మరి మీరు తెస్తరా? తెస్తే మీ మర్యాద మీకే. తేకపోతే ఇగ అంతా కమిటీ పేరు మీదనే. ఈ ఒక్క ఏడు గాదు, ఎప్పటికీ.”

ఏదో ఒక తిన్నని వెదురు పెడితే పోలేదా అని చదివేవారికి అనిపించవచ్చు. పోదు. ఆ బొంగు రెండు కొసలా కిందికి ఉండి, నడుమ ఎద్దు మూపురంలా పైకి లేచి ఉంటుంది. కొసలు మోసేవాళ్ళ భుజాల మీద, మూపురం స్వామి కిరీటం మీదుగా. తిన్నని బొంగైతే కిరీటానికి తగులుతుంది. కిరీటాన్ని తప్పించాలని పల్లకిని ఇంకా కిందికి వేలాడదీస్తే నేలకు రాసుకుంటుంది. పల్లకికున్న ఇనుప కొక్కేలు కూడా ఆ వంపు కొలతకే ఉన్నాయి. అందుకే మా వైపు దాన్ని మూపురం బొంగు అంటారు.

సంచిలో రెండు జతల బట్టలు, పాత బొంగు కొలతలు వేసి గీసిన బొమ్మ పెట్టుకుని బయలుదేరాను.

మానుకోట: నిప్పుల మీద వెదురు

మహబూబాబాద్‌ను అక్కడివాళ్ళు మానుకోట అనే అంటారు. రైలు దిగి స్టేషన్ బయట సర్వపిండి తిన్నాను. ముక్క పదిహేను రూపాయలు. మా ఇళ్ళలో గిన్నెకు ఒత్తి కాలుస్తారు, ఇక్కడ పెనం మీద కాల్చి నువ్వులు రెండింతలు వేశారు. మనసులో మా దానికే మార్కులు వేసి, ఇంకో ముక్క అడిగాను.

మేదరివాళ్ళ వాడలో మొదటి ఇంటి ముందు ఒకామె వెదురు బద్దలు చీలుస్తోంది. పేరు కొమురమ్మ. నా కన్నా పదేళ్ళు చిన్నదై ఉంటుంది.

“ఏం గావాలె బాపు? గంపలా, చాటలా?”

బొమ్మ చూపించాను. కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

“గిది బొంగా, ఒంటె బొమ్మనా?”

“పల్లకి బొంగు. వంచగలరా?”

లోపలి నుంచి ఆమె భర్త ఐలయ్య వచ్చాడు. “ఎందుకు వంచం? పచ్చి వెదురు నిప్పుల మీద కాపి వంచుడే.”

“నీతోని కాదు. మీ నాయిన వంచిండు. నువ్వెన్నడన్న వంచినవా?”

“నువ్వు జర ఊకుంటవా? సార్ ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్.”

ఐలయ్య వాడ చివర నుంచి చెయ్యి మందాన ఉన్న పచ్చి వెదురు తెచ్చాడు. నిప్పులు పరిచి, తడిగుడ్డ తిప్పుతూ కాచాడు. వెదురు లోపలి నుంచి ఉస్సుమని ఆవిరి వచ్చింది. దాన్ని బండరాయి మీద అడ్డంగా వేసి, రెండు కొసలకూ ఇసుర్రాళ్ళు కట్టి, నీళ్ళు చల్లాడు. వెదురు మెల్లగా, మూలుగుతున్నట్టు చప్పుడు చేస్తూ వంగింది. ఆ రోజు లాడ్జిలో ఉండి మర్నాడు వెళ్ళేసరికి మూపురం తయారుగా ఉంది. నా బొమ్మను పక్కన పట్టి చూశాను. గీసినట్టే ఉంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లవాడి కాగితం మీదా అంత సంతోషంగా సంతకం పెట్టి ఉండను.

ఆటో మీద కట్టించి బస్టాండుకు తీసుకెళ్ళాను. గోడకు ఆనించి, వచ్చేపోయేవాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెబుతూ కూర్చున్నాను. ‘మీదేనా సార్ పల్లకి?’ అని ఒకాయన అడిగితే, ‘మా వంశానిది’ అన్నాను. అంతసేపూ నేను మనుషుల వైపే చూశాను గానీ బొంగు వైపు చూడలేదు. బస్సు వచ్చాక చూస్తే మూపురం సగానికి దిగింది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి గోడకు ఆనించింది తిన్నని వెదురు.

దాన్ని పట్టుకుని మళ్ళీ మేదరివాడకు వెళ్ళాను. కొమురమ్మ పకపకా నవ్వింది. ఐలయ్య తల పట్టుకున్నాడు. నా ముఖం చూసి ఆమె నవ్వు ఆపింది.

“బాపూ, మా మామ గిట్ల చెయ్యకపోయేది. పొదల మొలక లేస్తుంటెనే దానికి చట్రం గట్టి, రోజింత రోజింత వంచేటోడు. అది వంచుడు గాదు, పెంచుడు. ముదిరినంక ఎవలు వంచినా మల్ల నిక్కుతది.”

“ఎంతకాలం పడుతుంది?”

“మొలిచి ముదిరేదాంక. మూడేండ్లో, నాలుగేండ్లో.”

నా దగ్గరున్నవి పద్దెనిమిది రోజులు. ఐలయ్య పనికి డబ్బు తీసుకోనన్నాడు. కాని పనికి పైసలేందన్నాడు. వెళ్ళబోతుంటే మరో దారి చెప్పాడు. మరిపెడలో జాతర ఆటలు పెట్టిన ఒకడు ఇనుప పైపులను ఎట్లంటే అట్ల వంచుతాడట.

“దేవునికి ఇనుము పెడ్తవా బాపు?” అంది కొమురమ్మ. నేను మరిపెడ బస్సు ఎక్కడ ఆగుతుందని ఐలయ్యను అడిగాను.

మరిపెడ: సోఫా, రైలు

మరిపెడలో దిగేసరికి ఆకలిగా ఉంది. మిర్చి కల్లాల ఘాటుకు బస్సు దిగినవాళ్ళంతా తుమ్ముతున్నారు. హోటల్లో ముప్పై రూపాయలకు ఉప్మా తింటుండగా ఎదురుగా ఫంక్షన్ హాలు ముందు టెంట్‌హౌస్ వాళ్ళ వ్యాను ఆగి, పెళ్ళివాళ్ళ సోఫా దింపింది. ఎర్ర మఖమల్, బంగారు రంగు కాళ్ళు, నడుమ మూపురంలా లేచిన వీపు. ఆ ఆకారం నాకు పరిచయమే. మా గడి సావట్లో టేకుతో చేసింది అట్లాంటిదే ఒకటుండేది. మూపురం ఉన్న నడిమి చోట తాత మాత్రమే కూర్చునేవాడు, మిగతావాళ్ళు అటూ ఇటూ వాలులో. అది ఎవరింటికి పోయిందో నాకు తెలియదు.

నేను తదేకంగా చూస్తుంటే టెంట్‌హౌస్ అతను పిలిచాడు. “కూసో సార్, ఫోటో దిగు. దొర సోఫా అంటరు దీన్ని. రోజుకు ఎవలు కిరాయి గడితే వాళ్ళే దొర.”

వద్దన్నాను. బహుశా అవసరానికి మించి గట్టిగా అన్నాను.

ఊరి చివర మైదానంలో జాతర ఆటలున్నాయి. జెయింట్ వీల్, గుర్రాలు, వాటి నడుమ పిల్లల రైలు. పాము తలతో నాలుగు డబ్బాల బండి, ఎగుడుదిగుడు పట్టాల మీద తిరుగుతుంది. దాన్ని తయారు చేసిందీ నడిపేదీ బద్రు. పక్కనున్న తండా మనిషి. నలభై ఏళ్ళుంటాయి. భార్య కమిలి టికెట్లు చింపుతోంది. వాళ్ళిద్దరూ తమ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. నా మీదేనని అర్థమైంది.

“ఏమంటోంది మీ ఆవిడ?” అన్నాను.

“ఏం లేదు సార్. ముప్పై మంది పిల్లగాండ్లు లొల్లి పెడుతుంటే ఈ పెద్దమనిషి లైన్ల గుంజ లెక్క నిలబడ్డడంటుంది.”

పట్టాల మూపురాలను ఎట్లా కొలిచాడని అడిగాను. డ్రాయింగు చెప్పినవాణ్ణి కాబట్టి ఆ వంపులు నన్ను వదల్లేదు. బద్రుకు ఆ ప్రశ్న నచ్చింది.

“మొదటిది పెద్దగుండాలె సార్. దాని మీదికే మోటరు గుంజుతది. ఆడికెంచి ఇగ మోటరుండదు, దిగిన ఊపుతోనే మిగతయన్ని ఎక్కాలె. అందుకే ఒకదానికంటె ఒకటి చిన్నగ జేస్త. రెండోది మొదటి దాని కన్న ఎత్తు పెట్టినమనుకో, బండి నడుమల్నే నిలబడి మల్ల ఎన్కకొస్తది. చెప్తే అర్థం కాదు. ఎక్కి చూడు.”

ఎక్కించాడు. నా మోకాళ్ళు ముందు డబ్బాకు తగిలాయి. నా పక్కన కూర్చున్న ఆరేళ్ళ పిల్ల, “తాతా, గట్టిగ పట్టుకో, భయమైతే కండ్లు మూసుకో” అని ధైర్యం చెప్పింది. నేను వీపు నిటారుగా పెట్టి, కళ్ళు తెరిచే కూర్చున్నాను. మొదటి మూపురం దిగేటప్పుడు ముందు డబ్బా అంచును రెండు చేతులా పట్టుకున్నాను. ఆఖరిది దాటుతుంటే ఏమీ తెలియలేదు.

దిగి నా బొమ్మ చూపించాను. బద్రు అర నిమిషం చూశాడు.

“గంటల వంచిస్త. కానీ వద్దు సార్.”

“ఎందుకు?”

“నేను హమాలీ చేసిన. ఇనుము భుజాన్ని తింటది. వెదురైతే అడుగు అడుగుకు ఊగి, బరువు జర సేపు లేపి, మల్ల పెడుతది. గా జర సేపే మోసెటోనికి పానం.”

అప్పుడే కమిలి వచ్చి కాగితం లాక్కుంది. “గిది నేను జూసిన.”

“ఎక్కడ?”

“మా తల్లిగారి తండా రేగొండ దిక్కు. ఆడ పక్కూర్ల బోయోళ్ళ సమ్మక్క ఇంటి ముంగట పందిరికి గిదే బొంగు. మిరపకాయ ఏరబోయినప్పుడు దాని కిందనే సద్ది తింటుంటిమి. ఎందుకు గిట్ల వంకర బొంగు పెట్టినవక్కా అంటే, మా నాయినది అంటది.”

నాకు వెంటనే గుర్తొచ్చింది. పల్లకి బొంగుకు ఒక జోడు ఉండేది. మా ఆడవాళ్ళెక్కే మేనాకు అదే కొలతలో రెండో బొంగు. మేనా వాడకం మానేసిన రోజుల్లో మా తాత దాన్ని మోసిన బోయీలకు ఇనాముగా ఇచ్చి పంపాడని మా నాన్న చెప్పేవాడు. తాత మంచితనానికి అదొక సాక్ష్యంగా మా ఇంట్లో నిలిచింది. ఇచ్చినవాళ్ళ మనవడిగా అడిగితే కాదంటారా అనుకున్నాను. కమిలి ఆ ఊరి పేరు, తన ఫోన్ నంబరు రాసిచ్చింది.

రేగొండ దారి: నా నుదురు

వరంగల్లు, పరకాల మీదుగా రేగొండ చేరాను. అక్కడి నుంచి షేర్ ఆటో. ఈ దారిలో ప్రతి ఊరికీ సొంతంగా పోసుకున్న స్పీడ్‌బ్రేకర్లున్నాయి. మా వైపువి పడుకున్న కుక్కలంత ఉంటే, ఇక్కడివి పడుకున్న గేదెలంత. మూడోదాని దగ్గర ఆటో ఆగలేదు. అందరూ వంగి కూర్చున్నారు, నేను తప్ప. నా నుదురు పైకడ్డీకి తగిలి బొప్పి కట్టింది.

“పెద్దమనిషీ, గీ తొవ్వల జర వంగి కూసోవాలె” అంది పక్కన కూర్చున్న ముసలమ్మ, తన నీళ్ళ సీసా నా నుదుటికి ఆనిస్తూ.

అలా బొప్పితోనే సమ్మక్క ఇంటి ముందు దిగాను.

పందిరి

ఇంటి ముందు పందిరి దూరం నుంచే కనిపించింది. రెండు గుంజల మీద ఆ బొంగు, దాని మీదుగా రెండు వైపులా జారిన తాటాకు, పైన నీలం టార్పాలిన్. నడుమ మూపురంలా లేవడం వల్ల నీళ్ళు నిలవవు. పొగకు, చేతులు తగిలి తగిలి బొంగు నల్లగా నిగనిగలాడుతోంది. కొలవనవసరం లేకుండానే తెలిసింది, అదే.

దాని కింద నులక మంచం మీద బాగా వయసు మీరిన ముసలాయన కూర్చున్నాడు. చూపు లేదు. చొక్కా లేదు. కుడి భుజం మీద, మెడ పక్కన, కోడెకున్నట్టు గుండ్రంగా లేచిన గడ్డ. నేను ముప్పై ఏళ్ళు మూపురం ఆకారాన్ని నల్లబల్ల మీద గీశాను. మనిషి మీద చూడలేదు.

అరవై దాకా వయసున్న ఒకామె చేట పట్టుకుని బయటికి వచ్చింది. ఆమే సమ్మక్క. ముసలాయన పోశయ్య, ఆమె చిన్నాయన.

“ఎవలు మీరు? నెత్తికేమైంది?”

ఊరి పేరు చెప్పాను. సమ్మక్క చేట కింద పెట్టింది. పోశయ్య ముఖం నా గొంతు వైపు తిరిగింది.

“గడి మనిషివా?”

“అవును. మా తాత మీకు ఇనాముగా ఇచ్చిన బొంగు...”

“ఏమిచ్చిండు?”

“ఇనాం.”

ముసలాయన నవ్వలేదు, కోప్పడలేదు. మంచం పట్టె తట్టి, “కూసో” అన్నాడు. తరువాత చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

“మీ అమ్మను పెండ్లినాడు గడికి తెచ్చింది మేమే. ముంగట మా అన్న మల్లయ్య, నేను. ఎన్క ఇద్దరు. పొద్దటికెల్లి వాన. ఊరు ముంగటికి రాంగ మా అన్న అడగకుండ భుజం మార్చిండు. మేనా జర ఊగింది. లోపట మీ అమ్మ గాజులు గల్లుమన్నయి. గంతే. మీ తాత గుర్రం మీద పక్కనే ఉన్నడు. ఏమనలే. పెండ్లయినంక తెల్లారి మా అన్నను వాకిట్ల నిలవెట్టిండు. ఉత్త బొంగు తెప్పిచ్చి, రెండు దిక్కుల ఇసుక మూటలు గట్టి, భుజం మీద పెట్టిచ్చిండు. ‘అడగకుండ మార్చినవు గద. ఇగ మార్చకు’ అన్నడు. పొద్దుగూకేదాంక. భుజం బొక్క ఇరిగింది. ఆ చెయ్యి మల్ల లేవలే.”

భుజం మీది గడ్డను తడుముకుని మళ్ళీ అందుకున్నాడు.

“నెలకు, తెల్లారంగ, మా అన్న మంచిగున్న భుజం మీద గీ బొంగు పెట్టుకుని గడిలకెల్లి బయటికి నడిసిండు. ఎవ్వలు ఆపలే, గుడికని అనుకున్నరు. నడిసి నడిసి గిక్కడికొచ్చిండు. ఎందుకు తెచ్చినవన్నా, పట్టుకుంటరు గద అంటే, ‘బొంగు లేకుంట మేనా ఎట్ల లేస్తదో సూస్త’ అన్నడు. లేచిందా? నువ్వే చెప్పు. గా తర్వాత మీ గడిల ఎవలన్న మేనా ఎక్కిన్రా?”

ఎక్కలేదు. తాత జీపు కొన్నాడు.

అబద్ధం అనడానికి నోరు తెరిచాను. అప్పుడే మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. బస్సెక్కితే చాలు, అమ్మ ఒక చేతి గాజులను ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చునేది. దిగేదాకా వదిలేది కాదు. ఎందుకమ్మా అంటే, “చప్పుడు కావద్దు బిడ్డా” అనేది. పెద్దింటి కోడలి అణకువ అనుకున్నాను ఇన్నాళ్ళూ.

తలెత్తి బొంగు కొసల వైపు చూశాను.

సమ్మక్క లోపలికి వెళ్ళి అన్నం తెచ్చింది. పప్పుచారు, ఎల్లిపాయ కారం. మా వాళ్ళెవరూ ఆ ఇంటి అన్నం తిని ఉండరు. నేను తిన్నాను. తిన్నాక ఉత్సవం సంగతి, కమిటీ సంగతి దాచకుండా చెప్పాను. చెబుతూనే ఒక సందేహం కూడా ముందు పెట్టాను. కాదనిపించుకునే ముందు నేనే కాదనుకుంటే తేలికని కాబోలు.

“మనుషులను మోసిన బొంగు దేవుడికి పనికొస్తుందా?”

“మోసింది బొంగా?” అన్నాడు పోశయ్య. “మేం గాదు?”

సమ్మక్క ఎంగిలి కంచం తీస్తూ, నా వైపు చూడకుండానే అంది.

“దేవునికైతే ఇస్త. మీ ఇంటికైతే ఇయ్య. కాయ మా నాయిన మల్లయ్య పేరు మీద కొట్టాలె. పల్లకి ముంగట మా ఇల్లు నడుస్తది.”

“ఈ ఏడా?”

“బొంగు ఉన్నన్ని ఏండ్లు. ఎల్లుండి దీన్ని కాళేశ్వరం తీస్కపోయి శుద్ధికి గోదాట్ల ముంచుత. ముంచినంక అయ్యగారు ఎవలి పేరు మీద అని అడుగుతడు. గప్పుడు నువ్వే చెప్పు. మా నాయిన పేరు చెప్తే బొంగు మీ ఊరికి. మీ పేరు చెప్తే మల్ల మా పందిరికి.”

భూపాలపల్లి మీదుగా

బొంగు తీస్తే పందిరి కూలుతుంది. కమిలికి ఫోన్ చేసి, దాని బదులు ఇనుప పైపు వంచి తెమ్మని కొలతలు చెప్పాను. మర్నాడు పొద్దు ఎక్కేసరికి ఆమె, బద్రు అదే కొలతకు వంచిన పైపును ట్రాలీ ఆటోలో పెట్టుకుని వచ్చారు. “భుజానికి వద్దన్న గని, గుంజకు వద్దనలే గద సార్” అన్నాడు బద్రు. నలుగురం కలిసి పందిరి లేపి పట్టుకుని పైపు దూర్చాం. తాటాకు కాస్త చెదిరింది. పోశయ్య చేత్తో తడిమి, ఇనుము చల్లగా తగలగానే చెయ్యి తీసేశాడు. తరువాత దించిన బొంగును ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. తొందర పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ మర్నాడు అదే ట్రాలీలో బొంగు వేసి, కొసకు ఎర్రగుడ్డ కట్టి, సమ్మక్క, బద్రు, నేను బయలుదేరాం. భూపాలపల్లిలో టీ తాగాం. గనుల నుంచి డ్యూటీ దిగినవాళ్ళతో హోటలు నిండుగా ఉంది. ఒకాయన ఎర్రగుడ్డ చూసి, “ఎవల పెండ్లి?” అన్నాడు. “దేవునిది” అంది సమ్మక్క. ఆయన మా ముగ్గురి టీ డబ్బులు తానే ఇచ్చి వెళ్ళాడు. ఇట్లాంటి మర్యాద మా వైపు చూడలేదు.

దారంతా అడవి. నేను లెక్కలు వేసుకుంటున్నాను. నా పేరు చెప్పి ఒట్టి చేతులతో వెళితే స్వామి ట్రాక్టరెక్కుతాడు, మర్యాద కమిటీకి పోతుంది. మల్లయ్య పేరు చెబితే స్వామి పల్లకెక్కుతాడు, మర్యాద బోయీలకు పోతుంది. రెండు విధాలా మా ఇంటికి ఏమీ మిగలదు. అయినా రెండూ ఒకటి కావు. కమిటీ తీసుకుంటే అన్యాయంగా పోయిందని చనిపోయేదాకా చెప్పుకోవచ్చు. తలెత్తుకుని చెప్పుకోవచ్చు. మల్లయ్య పేరు చెబితే ఎందుకు ఇచ్చావని అడుగుతారు. అప్పుడు వాకిట్లో ఇసుక మూటల సంగతి నా నోటితో నేనే చెప్పాలి.

కాళేశ్వరం

ఇక్కడి గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, యముడిదొకటి, శివుడిదొకటి. ముందు యముడికి మొక్కి తరువాత శివుడికి మొక్కుతారు. మా ఊళ్ళో యముడి పేరు ఎత్తడానికే జంకుతాం, ఇక్కడ ఆయనకే మొదటి దండం.

ఘాటు మెట్ల మీద జనం పలచగా ఉన్నారు. బద్రు, నేను బొంగును నీళ్ళలోకి దించాం. పందిరి పొగ నల్లగా కరిగి నీళ్ళలో సాగింది. సమ్మక్క పసుపు రాసింది. మెట్ల మీద కూర్చున్న అయ్యగారు అక్షింతలు తీసుకుని నా వైపే చూశాడు. ముగ్గురిలో తెల్లచొక్కా నాదే.

“ఎవరి పేరు మీద? గోత్రం చెప్పండి.”

మా గోత్రం, మా వంశంలో ఏడు తరాల పేర్లు నాకు తడుముకోకుండా వస్తాయి. నాలుగేళ్ళ వయసులో తాత ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాను. సమ్మక్క నా వైపు చూడలేదు. నది వైపు చూస్తోంది.

“బోయ మల్లయ్య” అన్నాను.

“గోత్రం?”

సమ్మక్కకు తెలియదు. అయ్యగారు ఇట్లాంటివి చాలా చూసినట్టుంది. “తెలవకుంటే శివగోత్రం” అని మంత్రం ఎత్తుకున్నాడు.

తరువాత ఊళ్ళో ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను. శ్రీను ఎందుకని అడిగాడు. కమిటీ అందరి ముందూ చెప్పాను, ఇసుక మూటలతో సహా. మా దాయాదుల్లో ఒకరు లేచి వెళ్ళిపోయారు, ఇప్పటికీ మాటల్లేవు. ఉత్సవం నాడు పల్లకి ముందు సమ్మక్క నడిచింది. మొదటి కాయ మల్లయ్య పేరున కొట్టారు. నేను జనంలో నడిచాను. బాధ కలగలేదని అనను. కొక్కేలకు బొంగు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

కానీ ఆ రోజు కాళేశ్వరంలో ఇంకొక పని మిగిలి ఉంది. తడిసిన బొంగును మెట్లెక్కించి ట్రాలీ దాకా తేవాలి. బద్రు ముందు, నేను వెనక. మెట్లెక్కేటప్పుడు బరువంతా వెనకవాడి మీదికి జారుతుందని నాకు తెలియదు. పది మెట్లకే కుడి భుజం మండింది. ఇంకో పది మెట్లు పళ్ళ బిగువున ఎక్కాను. భుజం మార్చుకుంటే బొంగు ఊగుతుంది. ఊగితే ఏమవుతుందో, ఎవరినైనా అడగాలో ఏమో తెలియక, పక్కన ఎక్కుతున్న సమ్మక్క వైపు చూశాను.

ఆమె ఆగింది. నా ముఖం చూసి, బొంగు చూసి, మళ్ళీ నా ముఖం చూసింది.

“మార్చుకో” అంది. “ఎవల్ని అడుగుతున్నవ్?”

మార్చుకున్నాను. బొంగు రెండుసార్లు ఊగి, ఎడమ భుజం మీద కుదురుకుంది.